సెన్సర్ సంజీవని

(ఒక ఆటవెలదికి అవతారిక, ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు)

అవతారిక

షెవ్రొలే టాహో అనే అమెరికా బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ముక్కు కాస్త కిందికి వాల్చి, నడుము కాస్త పైకెత్తి వస్తుంది. వెనుక సామాను పడినా, ట్రైలరు తగిలించినా అప్పుడు సమంగా నిలబడాలని ఆ ఏర్పాటు. యజమానికి ఇది నచ్చదు. ముందు భాగం కూడా వెనుకతో సమంగా లేవాలి, కింద పెద్ద టైర్లు పట్టాలి, చూసినవాడు పక్కకు తప్పుకోవాలి. అందుకని లెవెలింగ్ కిట్ అనే దిమ్మెల జత కొని, గ్యారేజీలో ఇచ్చి, ముందు వైపు 2 అంగుళాలు లేపిస్తాడు. డబ్బు కట్టి, తాళం తిప్పి, రోడ్డెక్కుతాడు. కాసేపటికి స్పీడోమీటరు దగ్గర మూడు మాటలు ప్రత్యక్షమవుతాయి: సర్వీస్ సస్పెన్షన్ సిస్టమ్.

ఈ మూడు మాటలే సూత్రం. బండితో ఇచ్చిన పుస్తకంలో దీనికి ఉన్న వివరణ కూడా సూత్రప్రాయమే. సస్పెన్షన్ సరిగా పనిచేయడం లేదు, డీలరుకు చూపించు, అంతే. సూత్రం ఇంత క్లుప్తంగా ఉంటే దాని మీద వార్తికం రావాలి, వార్తికం మీద భాష్యం రావాలి. వార్తికంగా ఒక ఆటవెలది నేనే కట్టాను. భాష్యమూ నేనే రాస్తున్నాను. కవీ వ్యాఖ్యాతా ఒకడే కదా, కవిహృదయం చేతిలో ఉన్నట్టే అని పాఠకులు అనుకోవచ్చు. అలా ఏమీ లేదు. గణం కుదరక ఎక్కడ ఏ మాట ఇరికించాడో కవి ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. కనుక అందరు వ్యాఖ్యాతల్లాగే నేనూ అతను అనుకోనివన్నీ అతని చేత అనిపిస్తాను.

కాళిదాస కావ్యాలకు సంజీవనీ వ్యాఖ్య రాసిన కొలచల మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ మొదలుపెట్టాడు. అందులో మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది ఇచ్చే ధైర్యం లేదు.

మూలం

ఆ.వె. బండి నెత్తినంత పండుగ కాదోయి
సెన్సరునకు తెలియజెప్పవలయు
చెప్పకున్న గాలి చిమ్మును మొత్తము
దీపమొకటి వెలుగు దినము రాత్రి

ఛందస్సు

ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతులు వరుసగా బం-పం, సె-జె, చె-చి, దీ-ది. రెండో పాదం మొదట, యతికి ఆధారంగా పరభాషా పదం కూర్చుందని ఎవరైనా ఆక్షేపిస్తే, బండిలో దానికి ఇంతకంటే పెద్ద స్థానమే ఉందని సమాధానం. ఆటవెలది అనగానే చివర మకుటం కోసం వెతుకుతారు. మకుటం లేదు. వారంటీ ఉన్న బండి మీద రాసిన పద్యానికి కర్త పేరు పెట్టుకోకపోవడమే క్షేమం.

ప్రతిపదార్థం

బండి నెత్తినంత = వాహనాన్ని స్ప్రింగుల దగ్గర దిమ్మెలు పెట్టి, లేదా మరో ఉపాయంతో, పైకి లేపిన మాత్రాన;

పండుగ కాదోయి = పని పూర్తయినట్టు కాదు సుమా ('ఓయి' అన్నది యజమానినే, మెకానిక్‌ను కాదు; మెకానిక్‌కు పండుగ అయిపోయింది, డబ్బు ముట్టింది);

సెన్సరునకు = ఛాసిస్‌కు బిగించి ఉండి, చక్రంతో పాటు కదిలే భాగానికీ తనకూ మధ్య ఎంత ఎడం ఉందో కనిపెట్టే పొజిషన్ సెన్సర్‌కు;

తెలియజెప్పవలయు = కొత్త ఎత్తే ఇకమీదట మామూలు ఎత్తు అని, దాని లింకు కడ్డీని సర్ది, తెలిసేలా చేయాలి;

చెప్పకున్న = అలా చేయకపోతే;

గాలి చిమ్మును మొత్తము = వెనుక షాకుల్లో ఉన్న గాలినంతా కంప్రెసర్ దగ్గరి వాల్వ్ బయటికి వదిలేస్తుంది;

దీపమొకటి = ఒక దీపం (ఏ దీపమన్నది విశేషాల్లో తేలుతుంది);

వెలుగు దినము రాత్రి = పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది.

తాత్పర్యం

ఓ యజమానీ, బండి ఎత్తు పెంచితే సరిపోదు. ఆ బండిలో ఎత్తును కొలిచి, దాన్ని బట్టి షాకుల బిగువునూ గాలినీ నడిపే యంత్రాంగం ఉంటే, దాని కొలత ఎక్కడ మొదలవుతుందో కూడా మార్చాలి. మార్చకపోతే ఆ యంత్రాంగం నీ కొత్త ఎత్తును జబ్బు అనుకుంటుంది. దానికి తెలిసిన వైద్యమంతా చేస్తుంది. తగ్గకపోతే నీకు చీటీ రాసి చూపిస్తుంది.

విశేషాలు

1. 'బండి' ఏది?

అన్ని బండ్లకూ ఈ పద్యం వర్తించదు. ఉత్త ఇనుప స్ప్రింగులు, మామూలు షాకులు ఉన్న బండిని ఎంత ఎత్తినా సస్పెన్షన్ గురించి ఫిర్యాదు చేయడానికి లోపల ఎవరూ లేరు. కవి ఉద్దేశించింది ఆటోమేటిక్ సస్పెన్షన్ ఉన్నవాటిని. జనరల్ మోటార్స్ వారి టాహో, సబర్బన్, యూకాన్, ఎస్కలేడ్ బండ్లలో ఆటోరైడ్ అనే ఏర్పాటు ఉండేది. దాని ఆర్డరు గుర్తు జెడ్55. 2007 నుంచి 2014 దాకా వచ్చిన తరంలో గ్లవ్ బాక్స్ తెరిస్తే కోడ్ల స్టిక్కరు కనిపిస్తుంది. అందులో ఈ జెడ్55 ఉంటే పద్యం మీదే. నాలుగు చక్రాల దగ్గరా నాలుగు పొజిషన్ సెన్సర్లు, బిగువు మార్చుకోగల షాకులు, వెనుక వాటికి గాలి నింపే చిన్న కంప్రెసర్, వీటన్నిటి మీదా పెత్తనం చేసే మాడ్యూల్, ఇదీ ఆ కుటుంబం.

వంశవృక్షం పాతదే. 1955 పారిస్ మోటార్ షోలో సిట్రోయెన్ డీఎస్ కారు నూనె, వాయువు కలిసి మోసే సస్పెన్షన్‌తో దిగింది. యాంటీరోల్ బార్ నుంచి ఒక సన్నని కడ్డీ వెళ్లి హైట్ కరెక్టర్ అనే వాల్వ్‌ను కదిలించేది. కారు కుంగితే నూనె లోపలికి, లేస్తే బయటికి. అందులో కంప్యూటరు లేదు, వైరు లేదు, కడ్డీ ఉంది. 1984 మోడల్ లింకన్ మార్క్ 7 నాటికి ఎలక్ట్రానిక్స్ వచ్చి కూర్చున్నాయి. 1992లో రేంజ్ రోవర్‌కు ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది. ఇన్ని తరాలు మారినా కడ్డీ మాత్రం పోలేదు. ఈ పద్యమంతా ఆ కడ్డీ గురించే. కవి దాని పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. దీన్ని ధ్వని అంటారు.

2. 'ఎత్తినంత': ఎంత?

ఇక్కడ ఒక లెక్క ఉంది. కొందరు మెకానిక్‌లు కూడా దీని దగ్గర తడబడతారు. ముందు చక్రం కంట్రోల్ ఆర్మ్ చివర ఉంటుంది. స్ప్రింగు, షాకు కలిసిన స్ట్రట్ ఆ ఆర్మ్‌ను ఎక్కడో మధ్యలో పట్టుకుంటుంది. కనుక స్ట్రట్ నెత్తిన 1 అంగుళం దిమ్మె పెడితే చక్రం దగ్గర బండి దాదాపు 2 అంగుళాలు లేస్తుంది. కిట్ పెట్టె మీద రాసిన 2 అంగుళాలు చక్రం దగ్గరివి, పెట్టెలో ఉన్న దిమ్మె మందం కాదు.

సెన్సర్ కడ్డీ కూడా ఆర్మ్‌ను చక్రానికి ఇవతలే, లోపలి వైపు పట్టుకుంటుంది. కాబట్టి బండి 2 అంగుళాలు లేచిందని కడ్డీని 2 అంగుళాలు మార్చడం తప్పు. కడ్డీ పట్టు ఆర్మ్‌కు సరిగ్గా మధ్యలో ఉంటే 1 అంగుళమే మార్చాలి. ఇంకా లోపలికి ఉంటే ఇంకా తక్కువ. 'ఎత్తినంత' అంటే 'ఎత్తిన మాత్రాన' అనే అర్థమే గ్రాహ్యం. 'ఎంత ఎత్తామో అంత' అని అర్థం చెప్పి, ఆ లెక్కన కడ్డీ కోసేవాళ్లు వ్యాఖ్యానం చదవనివాళ్లు.

3. 'సెన్సరునకు': దానికి ఏం తెలుసు?

సెన్సర్‌కు ఎత్తు తెలియదు. నేల ఎక్కడుందో తెలియదు. టైరు ఎంత పెద్దదో తెలియదు. దానికి తెలిసింది తన చేయి ఎంత తిరిగిందన్నది ఒక్కటే. అరచేతిలో పట్టే నల్లని ప్లాస్టిక్ పెట్టె, దాని ఇరుసు నుంచి పొట్టి చేయి, చేయి కొసన గుండ్రని బాల్ స్టడ్, దానికి తగిలించిన లింకు కడ్డీ, ఆ కడ్డీ రెండో కొస కంట్రోల్ ఆర్మ్ మీద. బండి లేస్తే చేయి ఒక వైపు వాలుతుంది, కుంగితే రెండో వైపు. లోపలికి 5 వోల్టులు వెళ్తాయి. చేయి ఉన్న కోణాన్ని బట్టి అందులో కొంత భాగం సిగ్నల్ వైరు మీద బయటికొస్తుంది. చేయి మధ్యలో ఉంటే సుమారు రెండున్నర.

చేయి పొడవు 5 సెంటీమీటర్లనుకుందాం. కడ్డీ పట్టుకున్న చోటు రెండున్నర సెంటీమీటర్లు జరిగితే చేయి 30 డిగ్రీలు తిరుగుతుంది. దిమ్మె చిన్నదే కావచ్చు, సెన్సర్‌కు మాత్రం అది భూకంపం.

ప్రమాణశాస్త్రం ప్రకారం సెన్సర్‌ది ప్రత్యక్షం, మాడ్యూల్‌ది అనుమానం. మాడ్యూల్ మనసులో నడిచే పంచావయవ వాక్యం ఇది. ప్రతిజ్ఞ: ఈ బండి బరువు దిగి తేలిపోయింది. హేతువు: సెన్సర్ చేయి కిందికి వాలింది కనుక. ఉదాహరణ: చేయి వాలిన ప్రతిసారీ బరువు దిగే ఉంటుంది, నిన్న డిక్కీలో సిమెంటు బస్తాలు దించినప్పటిలా. ఉపనయం: ఇక్కడా చేయి వాలింది. నిగమనం: కనుక ఈ బండి తేలిపోయింది, గాలి తీసేద్దాం. తర్కంలో దోషం లేనట్టే ఉంది. కాని 'మధ్యలో ఎవరూ దిమ్మెలు పెట్టకపోతేనే' అన్న ఉపాధి ఒకటి ఉంది. ఫ్యాక్టరీలో ఆ ఉపాధి సంగతి మాడ్యూల్‌కు ఎవరూ చెప్పలేదు. అందువల్ల తప్పు ప్రత్యక్షంలో లేదు, అనుమానంలో ఉంది. సెన్సర్ చెడిపోయిందని కొత్తది కొని బిగించేవాళ్లు ఈ ఒక్క వాక్యం అర్థం చేసుకుంటే డబ్బు మిగులుతుంది. కొత్త సెన్సర్ కూడా పాత సెన్సర్ చెప్పిందే చెబుతుంది.

4. 'తెలియజెప్పవలయు': ఎలా?

దిమ్మెలు పెట్టక ముందే మొదలుపెట్టాలి. బండిని సమమైన నేల మీద నిలపాలి. టైర్లలో గాలి సరిచూడాలి. బానెట్ మీద చేతులు పెట్టి నాలుగుసార్లు గట్టిగా ఊపి వదిలితే స్ప్రింగులు తమ సహజస్థితికి వస్తాయి. అప్పుడు చక్రం మధ్య నుంచి దాని నెత్తినున్న ఫెండర్ అంచు దాకా టేపు పట్టి నాలుగు చోట్లా కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరు సైజు కూడా లెక్కలో కలుస్తుంది, రేపు టైరు మారితే కొలత పనికిరాదు.

తరువాత బండి కింద దూరి, ప్రతి సెన్సర్ దగ్గరా చేయి మీదా పెట్టె మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీయాలి. చేయి కదిలితే గీత విరుగుతుంది, మళ్లీ పాత చోటికి వస్తే అతుకుతుంది. ఈ గీతకు ఖర్చు ఏమీ లేదు. దీన్ని గీయకుండా బోల్టులు విప్పినవాడు ఆ తరువాత ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా ఊహ మీదే నడవాలి.

దిమ్మెలు పెట్టాక బండిని మళ్లీ నేల మీదికి దించాలి. జాకీ మీద ఉండగా సర్దితే చక్రాలు కిందికి వేలాడుతుంటాయి, ఆ కొలత దేనికీ పనికిరాదు. నేల మీద నిలబడ్డ బండిలో చూస్తే గీత విరిగి ఉంటుంది. దాన్ని అతికించే మార్గాలు రెండు. ఒకటి, ఫ్యాక్టరీ కడ్డీ తీసేసి, మధ్యలో మరలు ఉండి పొడవు మార్చుకోగల కడ్డీ వేయడం. గీత రెండు ముక్కలూ ఒక సరళరేఖ అయ్యేదాకా తిప్పి లాక్ నట్ బిగించాలి. రెండు, కడ్డీని ముట్టుకోకుండా సెన్సర్ పెట్టెనే వేరే బ్రాకెట్ మీద జరపడం. బ్రాకెట్ పద్ధతిలో కడ్డీ కోణం ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉంటుంది, మెలిక తక్కువ. కడ్డీ పొడవు పెంచాలా తగ్గించాలా అన్నది సెన్సర్ కడ్డీకి పైన ఉందా కింద ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది. గీతే చెబుతుంది, పుస్తకం అక్కర్లేదు.

ఇంతటితో ఆపకూడదు. స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి, కడ్డీ దేనికీ తగలడం లేదని చూడాలి. తరువాత ఒక్కో చక్రాన్నీ జాకీతో గాల్లోకి లేపి, పూర్తిగా వేలాడనిచ్చి చూడాలి. అప్పుడు చేయీ కడ్డీ ఒకే గీతలో సాగిపోయి ఆవలి పక్కకు తిరగబడితే, చక్రం మళ్లీ పైకి వచ్చేటప్పుడు చేయి తప్పు దిక్కుకు మడతపడుతుంది. బాల్ స్టడ్ విరగవచ్చు. విరగకపోతే ఇంకా ప్రమాదం, సెన్సర్ అన్నీ తలకిందులుగా చెబుతుంది. చివరగా స్కాన్ టూల్ పెట్టి ఎడమ కుడి సెన్సర్ల విలువలు దగ్గరగా ఉన్నాయో లేదో సరిచూసి, పాత లోపాల కోడ్లు చెరిపేయాలి. కొన్ని బండ్లలో కడ్డీతో పని లేకుండా స్కాన్ టూల్‌తోనే 'ఇదే మామూలు ఎత్తు' అని మాడ్యూల్‌కు నేర్పవచ్చు. అక్కడ కూడా చేయి తన తిరుగుడు పరిధిలో ఉంటేనే నేర్చుకుంటుంది. పరిధి దాటిన చేతికి ఏ పాఠమూ ఎక్కదు.

5. శంక, సమాధానం

పూర్వపక్షి ఇలా అంటాడు: "బండి నిజంగానే 2 అంగుళాలు లేచింది. సెన్సర్ ఆ నిజమే చెబుతోంది. కడ్డీ మార్చి దాని చేత లేవలేదని చెప్పించడం అబద్ధం కదా? దీన్ని తెలియజెప్పడం అంటారా, మోసగించడం అంటారా?"

సమాధానం. మాడ్యూల్ అడుగుతున్న ప్రశ్న ఏమిటో ముందు చూడాలి. ఎంత ఎత్తులో ఉన్నావని అది అడగడం లేదు. నువ్వు ఊరికే నిలబడ్డప్పటి స్థితికి ఇప్పుడు ఎంత దూరంలో ఉన్నావని అడుగుతోంది. ఊరికే నిలబడే స్థితే మారిపోయాక పాత సున్నా నుంచి కొలిచి చెప్పిన జవాబే అబద్ధం. సున్నాను జరపడం సత్యవ్రతమే.

అయితే నిజంగా మోసం చేసే శాఖ కూడా ఒకటుంది, దాన్ని దాచకూడదు. ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3, జీప్ గ్రాండ్ చెరోకీ లాంటి బండ్లలో కొన్నిటికి ఎయిర్ స్ప్రింగులు ఉంటాయి, బరువంతా రబ్బరు తిత్తుల్లోని గాలి మీదే నిలుస్తుంది. అక్కడ దిమ్మెలు అక్కర్లేదు. వేరే పొడవున్న కడ్డీలు తగిలిస్తే చాలు, బండి కుంగిందని సెన్సర్ చెబుతుంది, నమ్మిన మాడ్యూల్ ఇంకాస్త గాలి కొట్టి లేపుతుంది. ఒకే కడ్డీ. ఇనుప దిమ్మెల శాఖలో అది లేచిన బండికి సాక్ష్యం చెబుతుంది, గాలి శాఖలో అది చెప్పిన మాట మీదే బండి లేస్తుంది. ఈ రెండో శాఖవారు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కడ్డీ మార్చితే ఒక్క ఎత్తు కాదు, కిందిది, మామూలుది, పైది అన్నీ ఒకేలా పైకి జరుగుతాయి. హైవే మీద వేగానికి తగ్గట్టు బండి కిందికి దిగే ఏర్పాటున్నా, ఆ దిగిన ఎత్తు కూడా పాత దానికంటే పైనే. పైగా తిత్తులు సాగి నిలబడటంతో గుంతలో చక్రం దిగడానికి మిగిలే జాగా తగ్గుతుంది.

మరో పూర్వపక్షం ఉంది. ఫ్యూజు పీకేస్తే గొడవ వదులుతుంది కదా అని. ఫ్యూజు పీకితే గాలి కొట్టేవాడు పోతాడు, షాకుల బిగువు మార్చేవాడు పోతాడు. డబ్బు పోసి కొన్న ఆటోరైడ్ మూలన పడుతుంది. హెచ్చరిక మాత్రం పోదు. పూర్తిగా మామూలు షాకులకు మారి, ఆ వ్యవస్థను పద్ధతిగా తీయించుకుంటానంటే అది సన్యాసం, దాన్ని శాస్త్రం ఒప్పుకుంటుంది. ఫ్యూజు పీకి తిరగడం ఒప్పుకోదు.

6. 'గాలి చిమ్మును': పాఠాంతరం

వెనుక వైపు సెన్సర్ పని ఇది. డిక్కీలో బరువు పడి బండి కుంగితే, గుంతల కుదుపో కాదో తేల్చుకోవడానికి కొన్ని సెకన్లు ఆగి, కంప్రెసర్ చేత వెనుక షాకుల్లోకి గాలి కొట్టిస్తుంది. బరువు దిగితే వాల్వ్ తెరిచి గాలి వదిలిస్తుంది. వెనుక కూడా లిఫ్ట్ వేసి కడ్డీ సర్దకపోతే, బండి ఎప్పుడూ తేలిపోయి ఉందనే దాని నమ్మకం. ఉన్న గాలి వదిలేస్తుంది, మళ్లీ కొట్టించదు. ఆదివారం పడవను ట్రైలరు మీద పెట్టి తగిలించిన రోజు వెనుక భాగం కూలబడుతుంది, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలికవుతుంది. యజమాని కంప్రెసర్ పోయిందనుకుంటాడు. కంప్రెసర్ బాగానే ఉంది, దానికి పని చెప్పేవాడు లేడు.

కొన్ని ప్రతుల్లో 'గాలి చేరును మొత్తము' అని పాఠం. యతి అక్కడా చెడదు. కడ్డీని అటుది ఇటుగా సర్దితే, లేదా అవసరానికి మించి సర్దితే, సెన్సర్ బండి కుంగిందని చెబుతూనే ఉంటుంది. కంప్రెసర్ కొడుతూనే ఉంటుంది. షాకులు రాళ్లలా బిగుస్తాయి, కంప్రెసర్ వేడెక్కుతుంది. రెండు పాఠాలూ సాధువులే. ఏ పాఠం ఎవరికి పడుతుందో వాళ్ల మెకానిక్ చేతివాటాన్ని బట్టి ఉంటుంది.

7. 'దీపమొకటి': శ్లేష

టాహోలో నిజానికి దీపం వెలగదు, అక్షరాలు వెలుగుతాయి. గణానికి అక్షరాలు ఇమడక కవి దీపమన్నాడని కొందరంటారు. ఇక్కడే కవి ప్రతిభ. దీపమంటే హెచ్చరిక ఒక అర్థం, హెడ్‌లైటు రెండో అర్థం. మొదటి అర్థంలో 'దినము', రెండో అర్థంలో 'రాత్రి' ప్రధానం. ఇది శ్లేష.

రెండో దీపం లెక్క చూడండి. పైన చెప్పిన 2007-2014 తరం టాహో ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య 116 అంగుళాలు. ముందు మాత్రమే 2 అంగుళాలు లేపితే బండి దాదాపు 1 డిగ్రీ వెనక్కి వాలుతుంది. హెడ్‌లైట్లు సరిచూసే మామూలు దూరం 25 అడుగులు. అంత దూరంలోని గోడ మీద, ఆ 1 డిగ్రీ వల్లే వెలుగు 5 అంగుళాలు పైకి పోతుంది. లైటే 2 అంగుళాలు లేచింది, అదీ కలపాలి. 250 అడుగుల దూరంలో వాలు ఒక్కటే 50 అంగుళాలు దాటిస్తుంది. అంటే రోడ్డు మీద పడాల్సిన వెలుగు ఎదురొచ్చే కారు డ్రైవరు కళ్లలో పడుతుంది. లైట్లను తమంతట తాము దించుకునే బండ్లు ఉన్నాయి. యూరప్ నియమాలు జెనాన్ లైట్లకు ఆ ఏర్పాటు తప్పనిసరి చేశాయి. అవి కూడా సస్పెన్షన్‌కు తగిలించిన ఇలాంటి సెన్సర్ చేయి చెప్పిందే వింటాయి. చేయి తప్పు చెబితే దీపమూ తప్పు చూస్తుంది. టాహోలో స్క్రూ తిప్పి చేత్తో దించుకోవాల్సిందే. అద్దం వెనుక కెమెరా, బంపరులో రాడారు ఉన్న కొత్త బండ్లలో వాటి చూపు కూడా మళ్లీ సరిచేయించాలి.

మొదటి దీపం యజమానికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఆర్పించుకోవడానికి తిరుగుతాడు. రెండోది ఎదుటివాడికి కనిపిస్తుంది కాబట్టి పట్టించుకోడు.

8. ధర్మశాస్త్ర విచారం

ముందు భాగం లేపి వెనుక దించిన బండ్ల వాడకం అమెరికాలో కెరొలైనా ప్రాంతం పేరు మీద 'కెరొలైనా స్క్వాట్'గా ప్రసిద్ధికెక్కింది. ముందు ఫెండర్ వెనుక ఫెండర్ కంటే 4 అంగుళాలు గాని, అంతకంటే ఎక్కువ గాని ఎత్తులో ఉండేలా మార్చిన బండిని రోడ్డెక్కించకూడదని నార్త్ కెరొలైనా 2021లో చట్టం చేసింది. ఎత్తు ఎంతవరకు అన్నది అక్కడ రాష్ట్రానికో నియమం.

మన దేశంలో విచారం ఇంకా కురచ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిపరిచింది. హైదరాబాదులో ఎస్‌యూవీ ఎత్తించుకోవాలని చూసేవారు కిట్ ధర అడిగే ముందు ఈ సెక్షన్ చదువుకోవడం మంచిది. చెకింగ్‌లో ఆపిన ఇన్‌స్పెక్టరు దగ్గర శ్లేష చెల్లదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని టీకాతో సహా చదివి, దిమ్మెలు బిగించే ముందు కొలతలు రాసుకుని, తెల్ల గీత గీసి, బండిని నేల మీద నిలబెట్టి కడ్డీ సర్దినవాడికి గాలి నిలుస్తుంది, హెచ్చరిక ఆరుతుంది, పడవ తగిలించిన నాడు వెనుక కుంగదు. అంతా అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి. ఆ రాత్రే ఒక గోడ ముందు 25 అడుగుల దూరంలో బండి ఆపి, లైట్లు ఎంత పైకి పోయాయో చూసి దించండి. సస్పెన్షన్ తప్పితే మీ నడుము నొప్పితో పోతుంది. లైట్లు తప్పితే నష్టపోయేది ఎదురుగా వచ్చేవాడు.

సమాప్తం.